ఊడవని వసారా

ఆదివారం పూజ కాగానే గుడి మెట్ల మీద చౌరప్ప స్వామి చతికిలబడేవాడు. ఎదురుగా ఇసకలో బెస్తలంతా గొంతుక్కూర్చునేవారు. గంజాం తీరాన ఆర్యపల్లి పక్కనున్న ఆ పల్లెలో చదువొచ్చినవాడు కతోలిక గుడికి విచారణ గురువైన ఆయనొక్కడే. కాబట్టి పరలోకం సంగతే కాదు, ఈ లోకం సంగతి చెప్పే పూచీ కూడా ఆయన నెత్తినే పడింది. మద్రాసు పత్రిక బరంపురం మీదుగా వచ్చి చేరేసరికి వార్తలు చద్దన్నమయ్యేవి. వినేవాళ్ళకు మాత్రం వేడివేడిగానే ఉండేవి.

అబిసీనియా మీదికి ఇటలీవాళ్ళు దండెత్తారని ఆయన ఓనాడు చదివి వినిపించాడు. పడవ యజమాని పోతయ్య అడ్డొచ్చాడు.

"ఆ దేశానికి సముద్రముందేటి సామీ?"

లేదన్నాడు స్వామి.

"మరేటి తిని బతుకుతారు పాపం!" అని పల్లెంతా నొచ్చుకుంది. యుద్ధం సంగతి ఎవరికీ పట్టలేదు.

ఎక్కడ మొదలుపెట్టినా స్వామి కబుర్లు చివరికి కృష్ణ ఒడ్డుకే చేరేవి. ఆయనది పల్నాడు. తొలకరికి నల్లరేగడి లేపే వాసన, కళ్ళాల్లో ఎండే మిరపకాయల ఘాటు, కడవకెత్తుకోగానే తాగేయబుద్ధయ్యే తియ్యటి నీళ్ళు. ఈ పల్లెలో నీళ్ళకు ఉప్పు, గాలికి ఉప్పు, పూజ వస్త్రాలకు కూడా ఉప్పే. తన సీమకు మార్చమని పైవాళ్ళకు అర్జీ పెట్టుకోని ఏడాది లేదు. ఎంత బెంగో చెప్పడానికి ఆయనకు సిగ్గు. రాత్రి ప్రార్థనలో దేవుడికి మాత్రం చెప్పుకునేవాడు.

"మీ కిష్ణ కబుర్లయిపోనాయి గదా, ఇంక మన కబుర్లు సెప్పండి సామీ!" అని వెనక వరసనుంచి ముత్యాలు కేకేసేది. గుడి ఊడ్చేదీ, స్వామికి ఇంత ఉడకేసి పెట్టేదీ ఆమే. జ్ఞానస్నానంలో ఆయన ఆమెకు మగ్దలేనమ్మ అని పేరు పెట్టాడు. ఆ పేరుతో పిలిచింది కూడా ఆయనొక్కడే, అదీ ఒళ్ళు మండినప్పుడు.

ఒళ్ళు మండేది శకునాల దగ్గర. సముద్రం మీద వేటకెళ్ళేవాణ్ణి ఎక్కడికని అడగకూడదు. వాడు వెళ్ళొస్తానని చెప్పకూడదు. సాగనంపడానికి ఒడ్డుకు ఎవరూ రాకూడదు. పడవ తిరిగొచ్చేదాకా ఆ ఇంటి వాకిట్లో చీపురు పడకూడదు. "దేవుడి మీద లేని నమ్మకం చీపురు మీదుందా?" అని స్వామి ప్రసంగంలో ఉతికి ఆరేసేవాడు. వాళ్ళు బుద్ధిగా తలలూపి, ఇళ్ళకుపోయి చీపుర్లు దాచేసేవారు.

ముప్పై ఆరులో గంజాంను మద్రాసు నుంచి విడదీసి ఒరిస్సాలో కలిపారు. ఆ ఆదివారమే ఈస్టరుకు ముందొచ్చే మట్టల పండగ. చేతుల్లో పచ్చి మట్టలతోనే మెట్ల చుట్టూ మూగారు.

"మనల్నొరిస్సాకిచ్చీసినారంట. సముద్రాన్ని కూడా ఇచ్చీసినారేటి?" అన్నాడు పోతయ్య.

"సముద్రం ఎవడిస్తే పోతుందిరా!"

"అయితే మనకేటీ నేదు," అని పోతయ్య తేల్చేశాడు.

స్వామికి మాత్రం గుండెలో ముల్లు కదిలింది. తనొక సీమలో, తన ఊరొక సీమలో. ఇంక ఈ ఇసకలోనే మట్టయిపోతానేమోనని దిగులు పట్టుకుంది.

అలా దిగులు పడుతుండగానే అర్జీ ఫలించింది. పల్నాడుకే, తన ఊరి పక్క ఊరికే వేశారు. ఆదివారం పత్రిక కూడా విప్పకుండా ఆ మాటే ముందు చెప్పాడు. చెప్పి, ఆగాడు. ఎవరైనా కంటతడి పెడతారనుకున్నాడు. ఉండిపొమ్మంటారనుకున్నాడు. అన్నా ఉండేవాడు కాదు గానీ, ఆ మాట వినాలని మాత్రం ఉంది. గాలి మళ్ళిందనీ, వలలు చూసుకోవాలనీ పోతయ్య లేచాడు. అతని వెనకే అందరూ లేచారు.

ప్రయాణం రోజు దాకా అదే వరస. ఆ మాటెత్తితే చాలు, చేపల బేరంలోకి దిగిపోయేవారు. వీళ్ళ బిడ్డలకు పేర్లు పెట్టాను, వీళ్ళ ముసలాళ్ళకు కళ్ళు మూశాను, ఇంతేనా నేను వీళ్ళకి, అని స్వామి లోపల్లోపల కుమిలిపోయాడు.

ఆ రోజు తెల్లారి ఛత్రపురం స్టేషనుకు బండి కట్టారు. స్వామి ఇంటి వసారాలో ముత్యాలొక్కతే ఉంది. ఆయన ఇంక తట్టుకోలేకపోయాడు.

"మగ్దలేనమ్మా! నేను వెళ్ళిపోతున్నానే. సాగనంపడానికి ఒక్కరూ రారా?"

ఆమె గబుక్కున చెవులు మూసుకుంది.

"ఆ మాటనకండి సామీ! నా మొగుడు ఓడెక్కి బర్మా రంగమెల్లినప్పుడు గోపాలపురం రేవు దాకా అందరమెల్లి, పాటలు పాడి సాగనంపినాం. ఆడు మరి రానేదు. ఏటకెల్లినోడిని ఎవులూ సాగనంపరు. ఆడు తిరిగొస్తాడు."

స్వామి బండెక్కాడు. బండి ఒడ్డు పక్కగా సాగింది. పల్లె మొత్తం ఇసకలోనే ఉంది, దారికి వీపులు తిప్పి, ఒళ్ళో వలలు పరుచుకుని. వల బాగుచేస్తున్న చెయ్యి ఒక్కటీ లేదు. శిలువ గుర్తు వేసి దీవిద్దామని ఎత్తిన ఆయన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

పల్నాడులో ఆయన కోరుకున్నవన్నీ దొరికాయి, వాన వాసన, కారం, తియ్యటి నీళ్ళు. నిద్ర మాత్రం పట్టేది కాదు. కెరటాల హోరు లేని రాత్రి చెవిలో దూది కుక్కినట్టుండేది. మెట్ల మీద పత్రిక విప్పితే ముందుగా గంజాం కబురు కోసమే ఆయన కళ్ళు వెతికేవి.

ఏడాది తిరిగాక విశాఖపట్నంలో గురువులంతా ఏటా కలిసే ధ్యానాలకు వెళితే, తన చోటికి వచ్చిన కుర్ర గురువు కనబడ్డాడు. ఆ ముత్యాలుతో వేగలేకపోతున్నానన్నాడు.

"గుడంతా అద్దంలా ఊడుస్తుందండీ. మీరుండిన ఇంటి వసారాలో మాత్రం చీపురు పడనివ్వదు. గడప దాకా ఇసక మేటేసింది. శకునాలంటే మీకూ గిట్టవట కదా, ఊడ్చేయమని మీరొక్క మాట కబురు చేస్తే వింటుంది."

చేయాల్సిందే. తానింక తిరిగి రాడని ఆమెకు చెప్పాల్సిందే. ఇన్నాళ్ళూ ప్రసంగాల్లో చెప్పింది అదేగా.

చౌరప్ప స్వామి కుర్ర గురువు భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇసకే కదయ్యా," అన్నాడు, "ఉండనీ."