తెడ్డును ఆయుధమన్నాను

మూడేళ్లుగా ఒక మాటను నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగలేను, కక్కలేను. నా పేరు అడగకండి. మీరెవరో నాకు తెలియదు గనకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది బారువ. సముద్రం మీద బతికిన కుటుంబం. చదువుకుని, యుద్ధానికి డ్రోన్లు తయారుచేసే కంపెనీలో చేరాను. ఇంటర్వ్యూలో మాత్రం సోంపేట దగ్గర జీడితోటలున్న ఇల్లని చెప్పాను. చేపలు పట్టేవాళ్లమని చెప్పడానికి సిగ్గేసింది. ఎందుకు సిగ్గు? ఆ చేపలే కదా నన్ను చదివించాయి!

పైనుంచి తీసిన పడవల ఫొటోలు చూసి, ఏది ఏమిటో డ్రోనులోని మిషనుకు నేర్పడం నా పని. పడవలో ఆయుధం ఉందని తోస్తే ఆ డ్రోను ఇక ఎవరినీ అడగదు. కాల్చేస్తుంది. ఒకరోజు ఒక ఫొటో వచ్చింది. పడవ మీద ఒకడు నిలబడి పొడుగాటిది ఏదో పైకెత్తాడు. ఇదేమిటో ఎవరికైనా తెలుసా అని మేనేజరు గదంతా కలయజూశాడు.

నాకు తెలుసు. అది తెడ్డు. నీళ్లలో వల ఉంది, పక్కనుంచి పొమ్మని ఎదుటి పడవకు తెడ్డెత్తి చూపించడం మా వాళ్ల అలవాటు. ఆ మాటంటే, నీకెలా తెలుసంటారు. నోరు మెదపలేదు. అంతటితో ఊరుకున్నానా? ఆ ఫొటో నా వాటాకే వస్తే, తెడ్డని రాస్తే మళ్లీ ఆ ప్రశ్నే వస్తుందని 'ఆయుధం' అని రాశాను. తర్వాత అలాంటివి ఎన్ని వచ్చినా అదే రాశాను. ఛీ, నేనూ ఒక మనిషినేనా! ఆ డ్రోన్లు ఎప్పుడో తయారై వెళ్లిపోయాయి. ఎక్కడ ఎగురుతున్నాయో మాకు చెప్పరు. ఎవరైనా పోయారా? అడిగే ధైర్యం నాకు లేదు.

మొన్న మా మేనమామ ఫోన్ చేశాడు. ఈ వయసులోనూ సముద్రం మీద చేపల వేటకు వెళ్తాడు.

"ఏరా అల్లుడా, మన సముద్రం మీద కూడా డ్రోన్లు తిరుగుతాయంట గదా. నువ్వు సేసిందానికి మన పడవ తెలుత్తాదేటి?"

"తెలుత్తాది మావా."

"అయితే ఇంకేటి! అది కనిపిత్తే తెడ్డెత్తి ఊపమని మనోళ్లందరికీ సెప్పేత్తాను. మా అల్లుడు సేసిందే అని."

వద్దని అరవాలి కదా? వద్దంటే ఎందుకని అడుగుతాడు. "సరే మావా" అన్నాను.

అక్కడ తిరిగేది మా డ్రోనో కాదో కూడా నాకు తెలియదు. తెలియకుండానే సరే అన్నాను. నిన్నా ఇవాళా ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను, ఆయన నంబరు నొక్కలేకపోయాను. మీకు మాత్రం అంతా చెప్పేశాను. చెప్పేసరికి గుండె తేలికపడింది. అక్కడ వాళ్లు వేటకు వెళ్తున్నారు. ఇక్కడ నాకు తేలికపడింది.