గేటు పక్కన దీపాల అలమరా

పోలండులోని ఆ పల్లెలో శ్మశానం ఊడ్చేది గెనోవేఫా. ముప్ఫై ఏళ్ల పని. సమాధుల మధ్య నడిచేటప్పుడు ఇరుగుపొరుగును పలకరించినట్టే ఒక్కొక్కరి పేరూ తలుచుకుంటూ ప్రార్థన చెప్పుకునేది.

నవంబరు ఒకటిన, పోయినవాళ్లను తలుచుకునే సకల పునీతుల పండుగకు ఊరంతా దీపాలు తెస్తుంది. వెనకటి రోజుల్లో సమాధికొకటి పెట్టేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ మూతల గాజు దీపాలు ఎన్ని ఎక్కువ పెడితే పోయినవాళ్ల మీద అంత ప్రేమ ఉన్నట్టు. ముసలి యాద్విగా అయితే మందులు మానుకుని మరీ కొనేది. రెండు వారాలకల్లా అన్నీ చెత్తే. ఏటా ముప్ఫై తోపుడుబండ్ల చెత్తను గెనోవేఫా గోడ వెనక గుంటలో పోసేది. వాన పడితే ఆ నీళ్లు బాతులు తాగే వాగులోకి దిగేవి.

ఆ ఏడు సెప్టెంబరులో చర్చి సంఘం పెద్ద జెనోన్ గుంటలోకి తొంగి చూశాడు.

"ఇక పది బండ్లే పడతాయక్కా. నిండిందంటే పడమటి మూలన కొత్తది తవ్విస్తాం. అక్కడ సమాధి రాళ్లు కూడా లేవుగా."

రాళ్లు లేవు. పేరు పెట్టకముందే పోయిన పసివాళ్లున్నారు. వాళ్లలో గెనోవేఫా తమ్ముడొకడు.

"నిండదులే," అంది ఆమె. "నువ్వు గునపం దాచుకో."

మర్నాడే గుంటలోకి దిగింది. పగలని దీపాలన్నీ ఏరి, బూడిదతో తోమి, తన వంటింటి అలమరాను గేటు పక్కన నిలబెట్టి అందులో సర్దింది. లోపల కొత్త మైనం పెట్టుకుంటే చాలు. 'కావలసినవారు తీసుకోండి, పండుగయ్యాక తిరిగి పెట్టండి' అని అట్టముక్క మీద రాసింది.

భర్త సమాధికి ఇరవై దీపాలు పెట్టే హలీనా మూతి తిప్పింది.

"మా ఆయనకి ఎంగిలి దీపమా వదినా?"

"మంటకి ఎంగిలేంటి వదినా? అయినా మీ ఆయన బతికినన్నాళ్లూ పక్కింటి గ్లాసులోనే తాగాడుగా!"

నవ్వాపుకోలేక హలీనా మొహం తిప్పుకుంది. ఆ ఏడూ ఇరవై కొత్తవే కొంది.

పండుగ ముందురోజు యాద్విగా అలమరా దగ్గర అటూ ఇటూ చూస్తూ నిలబడింది. గెనోవేఫా వీపు తిప్పేసి, ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చింది. తిరిగి చూసేసరికి మూడు దీపాలు లేవు. యాద్విగా భర్త తలాపున రెండు వెలిగాయి. మూడోది పడమటి మూలన వెలిగింది.

పండుగ వెళ్లాక గెనోవేఫా తోపుడుబండి తీసింది. ఈసారికి ఆఖరిదైన తొమ్మిదో బండి పోస్తుండగా హలీనా ఏప్రన్ నిండా దీపాలతో వచ్చింది.

"ఇరవయ్యీ కడిగే తెచ్చా. మసి పోలేదని వంక పెట్టావో, చూడు మరి!"

వెనకే జెనోన్, భుజాన గునపంతో. గుంటలోకి చూశాడు. ఇంకో బండికి చోటుంది. హలీనా ఒడి చూశాడు, నిండిపోయిన అలమరా చూశాడు.

"తెచ్చిన గునపం ఊరికే మోసుకుపోనా అక్కా?"

"ఎందుకూ? గేటుకి అవతలి పక్క రెండు గుంజలు పాతు. ఇంకో అలమరా కావాలి," అంది గెనోవేఫా.