రెండు అని రాస్తే మూడు వచ్చింది

తొంభైల నడుమ రాజమహేంద్రవరంలో ఎమ్మెస్సీ లెక్కలు చదివేదాన్ని. మా ల్యాబ్‌లో ఇద్దరికో కంప్యూటర్. నాతో కూర్చునేది పాలకొల్లు అమ్మాయి.

మా నాన్నగారు కాలవ లాకుల దగ్గర పనిచేసేవారు. రోజూ నీటిమట్టం పుస్తకంలో రాసేవారు. ఆ అంకెలు తీసుకుని, లాకు నంబరు ఇస్తే దాని దిగువ లాకు దగ్గర మట్టం ఎంతుంటుందో చెప్పే సబ్‌రొటీన్, అంటే కావలసినప్పుడల్లా పిలుచుకునే చిన్న ప్రోగ్రాం ముక్క, ఒకటి ఫోర్‌ట్రాన్ భాషలో రాశాను. 2 పంపితే జవాబు సరిగ్గానే వచ్చింది. అదే ప్రోగ్రాంలో మళ్లీ 2 పంపితే వేరే జవాబు!

"లోపల ఇంటిజర్ అని రాసి, ఇక్కణ్ణించి రియల్ పంపావేమో చూడు," అంది నా స్నేహితురాలు.

చూశాను. రెండు చోట్లా ఇంటిజరే, అంటే దశాంశం లేని అంకే. రెండోసారి పిలిచే ముందు 2ని ప్రింట్ చెయ్యమని ఒక లైను చేర్చాను. తెర మీద 3 అని పడింది.

"ఒసేయ్, రెండు మూడైపోయిందేంటే!" అన్నాను.

ల్యాబ్ చూసుకునే మేడంగారిని పిలిచాం. ఆవిడ సబ్‌రొటీన్ చదివి, దిగువ లాకు కోసం నంబరుకి ఒకటి కలిపిన లైను మీద వేలు పెట్టారు.

"నువ్వు పంపింది రెండుని కాదమ్మా, మెషిన్‌లో ఆ రెండు ఉన్న చోటుని. అక్కడికెళ్లి ఒకటి కలిపావు. ఇంక రెండు అని ఎక్కడ రాసినా మూడే."

"అలా మారుస్తుంటే మెషిన్ అడ్డుకోదాండీ?" అన్నాను.

"మన కంపైలర్ అడ్డుకోదు. కొత్త ఫోర్‌ట్రాన్‌లో అయితే, చదవడమేగాని మార్చకూడదని ముందే రాసుకోవచ్చు."

లోపల ఇంకో వేరియబుల్‌లోకి, అంటే వేరే పేరు పెట్టిన చోటులోకి, నంబరు ఎత్తి రాసుకున్నాను. తప్పు పోయింది. అయినా మాకు కదలబుద్ధి కాలేదు. పాత లైనే మళ్లీ పెట్టి ఐదుని ఆరు చేశాం, ఏడుని ఎనిమిది చేశాం. కె అనే వేరియబుల్‌ని పంపితే మారింది. దానికే బ్రాకెట్లు వేసి పంపితే మాత్రం మారలేదు.

"ఎందుకండీ?" అని అడిగాను.

"నాకూ తెలీదమ్మా. చూసి చెప్తాను," అన్నారు మేడంగారు.

ఒక టీచర్ ఆ మాట అనడం నేను అంతవరకూ వినలేదు. మర్నాడు ఆవిడ మాకంటే ముందే ల్యాబ్‌లో ఉన్నారు. బ్రాకెట్లు వేస్తే మెషిన్ దాన్ని ఒక లెక్కగా చూసి, జవాబుని వేరే చోట పెట్టి ఆ చోటుని పంపుతుందట. అందుకే అసలు కె చెక్కుచెదరలేదు.

"భలే అడిగారు," అన్నారు. ఆ వారం జూనియర్లకి ఆ పాఠం మా ఇద్దరిచేతే చెప్పించారు.