మన్ను చూడని వీపు

తాండూరులో చాంద్‌పాషా పహిల్వాన్ ముఖం గుర్తుపట్టనివాళ్లు ఉండవచ్చు గాని, ఆయన వీపు సంగతి తెలియనివాళ్లు లేరు. ఊరికి కొత్తగా ఎవరైనా వస్తే, చాయ్ హోటల్లో ముందు ఆ వీపును చూపించి, "ఇరువై ఏండ్లాయె, గా వీపుకు మన్ను అంటలే" అని చెప్పాకే చాయ్ పోసేవారు. కుస్తీలో వీపు మట్టికి ఆనిందంటే మనిషి ఓడినట్టే. జాతర్లలో, దర్గాల ఉర్సుల్లో, పెద్దేముల్ మొదలుకొని బషీరాబాద్ అవతల కన్నడం మాట్లాడే ఊళ్ల దాకా ఎన్నో బరుల్లో దిగాడు చాంద్‌పాషా. ఆయనను వెల్లకిలా వేసిన మొనగాడు పుట్టలేదు. గెలిచినప్పుడల్లా తలకు చుట్టిన రుమాళ్లతో ఇంట్లో ఒక ట్రంకుపెట్టె నిండిపోయింది.

తక్కిన బతుకంతా మామూలే. పగలు బాల్‌రాజ్ సేటు నాపరాళ్ల కార్ఖానాలో బండలు లారీకెత్తేవాడు. సాయంత్రం తాలీంఖానాకు పోయి పోరగాళ్లకు కుస్తీ నేర్పేవాడు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారు గాని, చాంద్‌పాషా విషయంలో ఆ సామెతను తిరగేసి చదువుకోవాలి. ఇంట్లో ఆయన భార్య గౌసియాబీ ఉంది మరి.

గౌసియాబీది పెద్దేముల్. అక్కడి బడిలో ఐదో తరగతి దాకా చదువుకుంది. పహిల్వానుకు వేలిముద్రే గతి. కిష్టయ్య కిరాణా కొట్టు నుంచి పొట్లం రావడం ఆలస్యం, దినుసు డబ్బాలో పోసి, కాగితం చదును చేసి చదివేది. ఆ కాగితాల్లో ఎక్కువ భాగం ఒక వారపత్రికవి. అందులో గాలిశూరుడనే బొమ్మల కథ వచ్చేది.

ఈ గాలిశూరుడు మహావీరుడు. ఒక్కసారి ఊదాడంటే ఎంతటి దుర్మార్గుడైనా ఎగిరిపోవలసిందే. కాకపోతే ముందు మెడలో దండ పడాలి. దండ పడందే గాలి ఆడదు. ఊరు వరదలో మునుగుతోందని కబురొస్తే ఎగురుకుంటూ వచ్చి, వేదిక ఏదీ, మైకు ఏదీ అని అడిగేవాడు. అవి ఏర్పాటయ్యేలోపు వరద దానంతటదే తగ్గేది. "నన్ను చూసి నీళ్లు జడిసి పారిపోయాయి" అని ఉపన్యాసమిచ్చి, ఫొటో దిగి వెళ్లేవాడు. దొంగను ముసలమ్మ పట్టుకొని స్తంభానికి కట్టేశాక, ఈయన వచ్చి ఆ తాడు కొసను చేత్తో పట్టుకొని ఇంకో ఫొటో దిగేవాడు.

చింతపండు పొట్లంలో వరద మొదలైతే జీలకర్ర పొట్లంలో సన్మానం జరిగేది. నడుమ ఏమైందో గౌసియాబీ సొంతంగా కల్పించి, భర్త రొట్టె తింటుంటే చదివి వినిపించేది. చదువుతూ పడీపడీ నవ్వేది. పహిల్వాన్ మాత్రం బొమ్మ చూసి ముఖం చిట్లించేవాడు.

"పైజామా మీదికెల్లి లంగోటా కట్టిండు. వీడు పహిల్వానెట్లయితడే? పిచ్చోడైతడు గాని."

ఎనభైల నడుమ ఆ గాలిశూరుడి కథను టీవీ సీరియల్‌గా తీస్తున్నామని హైదరాబాద్ నుంచి ఒక కంపెనీ తాండూరుకు దిగింది. ఊళ్ల రోడ్లన్నీ మింగేసే బండాసురుడనే రాక్షసుడి కథ అది. నాపరాళ్ల గని కావాలి, బండంత మనిషి కావాలి. గని బాల్‌రాజ్ సేటుది. మనిషి కూడా ఆయన దగ్గరే ఉన్నాడు.

ఆ సంగతి చాంద్‌పాషా కంటే ముందు గౌసియాబీకి తెలిసింది.

"ఖుర్షీద్ అబ్బా, రాక్షసుడి ఏషం నీకిస్తరంట గదా! ఒప్పుకో!" అంది. బిడ్డ ఖుర్షీద్ పుట్టినప్పటి నుంచి ఆమె భర్తను పిలిచే పిలుపు అదే.

"ఏషాలు నాకెందుకే? నేను పహిల్వాన్‌ను. పగటేషగాన్ని గాను."

గౌసియాబీ రొట్టెల గిన్నె దించి పక్కన పెట్టింది. ఆ గిన్నె అలా పక్కకు పోయిందంటే మాట అటో ఇటో తేలందే మళ్లీ దగ్గరికి రాదని పహిల్వానుకు తెలుసు.

"ముప్పై ఏండ్లాయె నిన్ను చేసుకొని. నీ కుస్తీ ఒక్కపారన్న సూసిన్నా? డప్పు కొట్టే జంగప్ప సూసిండు, చాయ్ హోటలోడు సూసిండు, గా కిరాణం కిష్టయ్య సుత సూసిండు. ఊరంత సూసింది, నేనొక్కదాన్నే సూడలె. ఆడోళ్లు బరికాడికి రావద్దంటిరి. మంచిది, రాలె. టీవీల వస్తే ఎవడొద్దంటడు? కూసొని సూస్త."

చాంద్‌పాషా కాదనే మాట కాదది. ముప్పై ఏళ్లుగా ఆమె ఇంట్లో కూర్చొని డప్పు చప్పుడు వినడం, ఆయన రుమాలు చుట్టుకొని వచ్చాక ఎవరిని ఎట్లా పడగొట్టాడో చెబితే వినడం. అంతే. మరునాడు పొద్దున్నే పోయి సేటుకు మాటిచ్చేశాడు. ఎవరు గెలుస్తారని మాత్రం అడగలేదు. ఎందుకడుగుతాడు? కుస్తీలో గెలుపు బరిలో తేలేది గాని, ముందే కాగితం మీద రాసి ఉంటుందని ఏ పహిల్వానుకు తోస్తుంది?

షూటింగు రోజున గని అంచుల మీద తాండూరు సగం వచ్చి కూర్చుంది. తాలీంఖానా వాళ్లంతా జంగప్పను వెంటేసుకొని వచ్చారు. పహిల్వాన్ బరిలో దిగాడంటే డప్పు కొట్టేది జంగప్పే. చాంద్‌పాషాకు నల్లరంగు పూసి, అట్టముక్కలతో కొమ్ములు పెట్టారు. ఆయన ఓపికగా పెట్టించుకొని, "సార్, నాకు జోడీ ఎవరు?" అని డైరెక్టరును అడిగాడు. కుస్తీలో అది మర్యాద. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, మెడలూ జబ్బలూ తడిమి, సరిజోడీ అనుకుంటేనే బరిలోకి దించుతారు.

డైరెక్టరు గాలిశూరుడిని చూపించాడు. వేషం వేసింది మహేందర్ అనే బక్కపలచటి మనిషి. చాంద్‌పాషా మర్యాద ప్రకారం అతని జబ్బ తడిమాడు. చేతికి దూది తగిలింది. రొమ్ము తడిమాడు. అక్కడా దూదే.

"సార్, గీనె మనిషా, పరుపా? గీనెను పడగొడితే నాకేం ఇజ్జత్ ఉంటది?"

"పడగొట్టే పని నీకు లేదయ్యా. పడిపోయేది నువ్వే. ఇతను ఊదుతాడు, మీదికి దూకుతాడు, నువ్వు వెల్లకిలా పడతావు" అన్నాడు డైరెక్టరు.

పూసిన నల్లరంగు కింద పహిల్వాన్ ముఖం పాలిపోయింది. ఊరి ముందు ఓడడం ఒక ఎత్తు. అది ఎట్లాగో దిగమింగవచ్చు. గౌసియాబీ జన్మలో చూడబోయే కుస్తీ ఇదొక్కటే. ఇందులో ఆయన దూదిపరుపు చేతిలో ఓడిపోవాలి! మాట తప్పి పారిపోదామా అంటే, మాట తప్పడం కూడా ఓటమే. ముందు నుయ్యి, వెనక గొయ్యి, ఈయనకైతే చుట్టూ గని.

డైరెక్టరు కానిమ్మన్నాడు. జంగప్ప అలవాటుగా డప్పు మీద దెబ్బ వేశాడు. గాలిశూరుడు ఊది, ఎర్ర దుప్పటి ఎగరేసుకుంటూ వచ్చి రాక్షసుడి నడుము పట్టుకున్నాడు. మరుక్షణం గాలిశూరుడు నిజంగానే గాలిలో ఉన్నాడు. చాకలి బట్టను బండకేసి కొట్టినట్టు కొట్టే పట్టు ఒకటుంది. చాంద్‌పాషా చేతులు దాన్ని పట్టేశాయి. అదృష్టం కొద్దీ మహేందర్ బండ మీద కాక మట్టికుప్ప మీద పడ్డాడు. గని అంచుల మీంచి "షాబాస్" అని ఈలలు.

"ఏంటయ్యా ఇది?" అని అరిచాడు డైరెక్టరు.

"మాఫ్ చెయ్యండ్రి సార్. డప్పు మోగితే నా ఒళ్లు నా మాట వినది."

మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ డప్పు, మళ్లీ మహేందర్ ఆకాశమార్గం. ఒకసారి మట్టికుప్ప మీద, ఒకసారి కెమెరా గొడుగు మీద, ఒకసారి తన మెడలో వేయడానికి దండ పట్టుకొని నిలబడ్డ మంత్రి వేషగాడి మీద పడ్డాడు. దుప్పటి చిరిగింది. బనీను లోంచి దూది బయటికొచ్చింది. డైరెక్టరు తల పట్టుకొని, భోజనాలు కానివ్వండన్నాడు.

మహేందర్ కుంటుకుంటూ వచ్చి రాక్షసుడి పక్కన కూలబడ్డాడు.

"అన్నా, ఒక్కసారి పడరాదే. నేను నాంపల్లిల గుమస్తాను. టీవీల హీరో ఏషం దొరికిందని మా ఇంటామెకు చెప్పి వచ్చిన. ఆమె ఎన్నడు నన్ను మొగోన్ని లెక్క సూడలె. గిదొక్కటి సూస్తదన్నా."

చాంద్‌పాషా చేతిలోని ముద్ద కింద పెట్టేశాడు. ఇంకే మాట చెప్పినా ఆయన కరిగేవాడు కాదు. చేయి కడుక్కొని, లేచి గని అంచుకు పోయాడు.

"జంగప్పా, డప్పు పక్కకు పెట్టు."

"ఎందుకన్నా?"

"పెట్టమంటున్న గదరా."

డప్పు ఆగింది. గాలిశూరుడు ఊదాడు, దూకాడు. చాంద్‌పాషా అతని తల బండకు తగలకుండా అరచేయి అడ్డం పెట్టి, మెల్లగా వెల్లకిలా పడ్డాడు. తాలీంఖానా వాళ్లు ముఖాలు అటు తిప్పుకున్నారు. జంగప్ప రుమాలుతో కళ్లొత్తుకున్నాడు. ఇంటికి పోయాక, కుస్తీ ఎట్లా జరిగిందని గౌసియాబీ అడిగితే, "టీవీల సూస్తవు గదా" అని చాంద్‌పాషా మాట తప్పించాడు. ఊళ్లో ఎవరూ ఆమె దగ్గర నోరు విప్పలేదు. పహిల్వాన్ అందరి వంకా నోరెత్తవద్దన్నట్టు చూశాడు.

సీరియల్ వచ్చే ఆదివారం సాయంత్రం బాల్‌రాజ్ సేటు ఇల్లు కిక్కిరిసింది. ఆడవాళ్లు టీవీ గదిలో, మగవాళ్లు కిటికీల బయట. ఆ రోజు పెద్దగాలి. హైదరాబాద్ నుంచి బొమ్మ అందుకోవాలని మేడ మీద పెట్టించిన యాంటెన్నా ఇనుప పైపు ఊగిపోతోంది, దానితో పాటు టీవీలో బొమ్మా ఊగిపోతోంది. ఆ పైపును కదలకుండా పట్టే మొనగాడు ఊళ్లో ఒక్కడే ఉన్నాడని సేటుకు తట్టింది.

అట్లా చాంద్‌పాషా మేడ ఎక్కాడు. పైపును కౌగిలించుకొని నిలబడితే గాని ఆయనకు అసలు సంగతి తలకెక్కలేదు. తాను గట్టిగా పట్టుకుంటే గౌసియాబీ తన ఓటమిని శుభ్రంగా చూస్తుంది. జర వదిలితే చాలు, టీవీ నిండా చుక్కలు. తప్పు గాలి మీద నెట్టేయవచ్చు. అల్లా ఇంత సులువైన దారి చూపిస్తుంటే కాదనడం ఎందుకు?

కింద నవ్వులు మొదలయ్యాయి. వాటిలో గౌసియాబీ నవ్వు ఆయనకు విడిగా వినిపించింది. గాలిలోకి లేచిన గాలిశూరుడిని కంపెనీవాళ్లు ఒక్కసారీ తీసేయలేదు. మట్టికుప్ప, గొడుగు, మంత్రిగారు, అన్నీ ఉంచారు. కథే వెక్కిరింపు కథ కదా. నవ్వులు విని పహిల్వాన్ ఛాతీ ఉబ్బింది. అంతలో సన్మానం బాజా వినిపించింది. దండ పడబోతోంది. దాని వెనకే తాను పడబోతున్నాడు.

చాంద్‌పాషా కళ్లు మూసుకొని పైపును పక్కకు తిప్పాడు. కింద ఒకటే గోల. ఆ గోలలో ఒక మనిషి వాకిట్లోకి ఉరికొచ్చింది. నలుగురు మగవాళ్లుంటే కొంగు చాటున తప్ప మాట్లాడని గౌసియాబీ, మేడ వైపు తలెత్తి ఊరంతా వినేలా అరిచింది.

"ఓ ఖుర్షీద్ అబ్బా! ముప్పై ఏండ్లకు సూస్తున్న! కదలకుండ పట్టు!"

చాంద్‌పాషా పైపును యథాస్థానానికి తిప్పాడు. రెండు చేతులా బిగించి పట్టాడు. గాలి ఎంత లాగినా బొమ్మ చెక్కుచెదరలేదు. కింద టీవీలోంచి ధబ్బుమని చప్పుడు. ఎవరూ నవ్వలేదు, ఒక్క గౌసియాబీ తప్ప. ఆమె మాత్రం ఇంతకుముందు కంటే గట్టిగా, ఊపిరాడకుండా నవ్వింది.

ఆ నవ్వు ఆయన గుండెలో దిగింది. మేడ దిగి, ఎవరి ముఖమూ చూడకుండా ఇంటికి పోయి అరుగు మీద కూర్చున్నాడు. కాసేపటికి గౌసియాబీ వచ్చింది. ఇంకా కళ్లు తుడుచుకుంటోంది.

"ఊరోళ్లెవరు నవ్వలె. నువ్వు నవ్వినవ్" అన్నాడు చాంద్‌పాషా.

"నవ్విన."

"నువ్వు సూసిందే ఒక్క కుస్తీ. గా దాంట్లనే ఓడిపోయిన. ఇరువై ఏండ్ల సంది మన్ను అంటని వీపు..."

ఆ మాటకు గౌసియాబీకి మళ్లీ నవ్వు తన్నుకొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఆయన పక్కన కూర్చుంది.

"గా మాట ఊరోళ్లు అన్నప్పుడల్ల నాకు నవ్వొస్తది. మొగుని ఇజ్జత్ అని కడుపుల వెట్టుకున్న. ఇయాల టీవీ సాకున బయటికొచ్చింది."

"ఎందుకొస్తదే నవ్వు?"

"పోరగాండ్లకు నేర్పుతందుకు తాలీంల దినాం నువ్వే గద పడేది? ఇంటికొచ్చి నీళ్లు పోసుకునేటప్పుడు గా వీపు రుద్దేదెవరు? ముప్పై ఏండ్ల సంది గా మన్ను కడిగినదాన్ని నేను. ఎట్ల పడుతవో సూడలె గాని, పడుతవని నాకెరుక లేదా?"

చాంద్‌పాషా చెయ్యి వెనక్కి పోనిచ్చి తన వీపు తడుముకున్నాడు.

"మంచిగ పడ్డవ్" అంది గౌసియాబీ. "వాని తలకాయ కింద చెయ్యి వెట్టినవ్. లే, పొయ్యి మీద పెట్టిపోయిన నీళ్లు కాగినయి."

చాంద్‌పాషా అంగీ విప్పి, పెరట్లో నీళ్లు పోసుకునే బండ మీద ఆమెకు వీపు పెట్టి కూర్చున్నాడు.