నడుమెత్తున మేకు

సుత్తి లేకుండా దేవసహాయం గారు గడప దాటిన దాఖలా మా కాలనీ చరిత్రలో లేదు. డ్యూటీకైనా, అంగడికైనా, ఆదివారం ఆరాధనకైనా చేతిసంచిలో సుత్తి, గుప్పెడు మేకులు ఉండవలసిందే. సంఘపెద్ద హోదాలో ముందు వరుసలో కూర్చున్న ఒకనాడు ప్రార్థన నడుమ సంచి జారి, సుత్తి పాస్టరయ్య గారి కాలి మీద పడింది. ఆనాటి 'ఆమెన్' కొంచెం ముందుగానూ, కొంచెం గట్టిగానూ వినిపించిందని సంఘస్థులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆయన ఉద్యోగం గని లాంపు రూములో. గనిలోకి దిగేవాడు తన ఇత్తడి బిళ్ల ఇచ్చి దీపం తీసుకుంటాడు. ఆ దీపం ఉండే చోట బిళ్ల వేలాడుతుంది. మనిషి పైకొచ్చి దీపం ఇస్తే బిళ్ల వాపసు. బిళ్ల వేలాడుతోందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క.

సుత్తి మాత్రం ఉద్యోగానిది కాదు, కళాపోషణది. ఆయనా, భార్య మార్తమ్మ గారూ ఏటా హైదరాబాదు నుమాయిష్‌కు వెళ్లేవారు. గోదావరిఖని నుంచి వెళ్లిన తక్కిన దంపతులు కంబళ్లూ స్టవ్వులూ తెచ్చుకుంటే, వీరు బొమ్మలు తెచ్చుకునేవారు. నీటిరంగులవి, నూనెరంగులవి, చేర్యాల నకాషీ పటాలు. బొమ్మ ఎంచేది ఆమె, మేకు కొట్టేది ఆయన.

చిక్కల్లా క్వార్టరుకు రెండే గదులు. సొంత గోడలు నిండాక ఆయన చూపు మా గోడల మీద పడింది. అడిగి కొట్టడం ఆయనకు అలవాటు లేదు.

పందొమ్మిది వందల అరవై ఎనిమిదిలో నేను కామెర్లతో మంచం పట్టాను. ఒక సాయంత్రం వచ్చి, "ఎట్లున్నవు తమ్మీ?" అంటూనే మేకు దిగగొట్టారు. నేను జవాబు చెప్పేలోగా గోడ మీద ఒక మామిడితోట వెలిసింది. అదీ నడుమెత్తున.

"గంత కిందికా అన్నా? నిలవడి చూస్తె ఫ్రేము మీది దుమ్మే కనవడుతది."

"కనవడితె తుడువు," అన్నారాయన.

నేను తిరిగి డ్యూటీకి వెళ్లిన మర్నాడే వచ్చి బొమ్మ తీసుకుపోయారు. ఇప్పుడిప్పుడే అలవాటవుతోందని మొరపెట్టుకుంటే, "ఇంకోకాడ జాగ దొరికింది" అన్నారు. మేకు మాత్రం నాకే మిగిలింది. నా లుంగీలన్నీ దానికి తగులుకునే చిరిగాయి.

ఊరంతా ఇదే ఫిర్యాదు. "మన ఇండ్లు ఆయనకు గోదాములైనయి," అనేవాడు గట్టయ్య. "ఆరడుగుల మనిషి. మేకు కొట్టంగ మాత్రం పొట్టోడైతడు," అనేది పూలమ్మ.

డెబ్బై నాలుగులో దంపతులు తమ బొమ్మలన్నిటినీ జిల్లా కేంద్రంలో కొత్తగా తెరుస్తున్న మ్యూజియానికి ఇచ్చేస్తున్నామని ప్రకటించారు. మా గోడలు ఊపిరి పీల్చుకున్నాయి. మ్యూజియం అధికారి టై కట్టుకుని వ్యానులో దిగారు. ఇంటింటి నుంచీ బొమ్మలు వచ్చి వ్యానెక్కాయి. చివరికి ఒక్కటే మిగిలింది. గోదావరి మీద పడవ. అది రాయమల్లు ఇంట్లో ఉంది. గనిలో బండ పడి నడుము దెబ్బతిన్న రాయమల్లు నెలల తరబడి మంచం మీదే ఉన్నాడు.

"అసలు ఈ బొమ్మను చూసే మా కమిటీ ఒప్పుకుందండీ," అన్నారు అధికారి. "ఇది లేదంటే మిగతావి కూడా వద్దంటారేమో."

రాయమల్లు భార్య సారక్క పక్కకు జరిగి దారి ఇచ్చింది. "తీస్కపోండ్రి సారు. అన్న వస్తువే గద." రాయమల్లు అవతలి గోడ వైపు మొహం తిప్పుకున్నాడు. ఆ గోడ ఖాళీ.

దేవసహాయం గారు సుత్తి తీశారు. మేకు పీకుతారనుకున్నాం. ఆయన దాని నెత్తిన ఇంకో దెబ్బ వేశారు.

"మేకు గట్టిగ కూసున్నది సారు. రాదు."

"మాకు కావలసింది బొమ్మ కదండీ," అన్నారు అధికారి. ఆయన తర్కంలో లోపమేమీ లేదు.

"ముందుగాల మంచిగ చూడుండ్రి సారు," అన్నారు మార్తమ్మ గారు.

అధికారి వంగారు. రాయమల్లు ఇటు తిరిగాడు. "గట్ల వంగితె కనవడది సారు. పండుకోవాలె."

సారక్క చాప పరిచింది. ప్రభుత్వ ప్రతినిధి టైతో సహా నేల మీద వెల్లకిలా పడుకున్నారు. తల అటూ ఇటూ జరిపి చూశారు. "పడవ కదులుతున్నట్టుందే."

"పొద్దుమీకితె ఇంకా మంచిగ నడుస్తది," అన్నాడు రాయమల్లు, సొంత పడవ గురించి చెబుతున్నట్టు.

అప్పుడు నాకు నా కామెర్లూ మామిడితోటా గుర్తొచ్చాయి. గట్టయ్య ఇంట్లో బాలింత కూతురు, పూలమ్మ ఇంట్లో పక్షవాతం వచ్చిన మామ గుర్తొచ్చారు. మేకులన్నీ మంచాలకు ఎదురుగానే. నిలబడగలిగినవాళ్ల కోసం ఈ మనిషి ఒక్క బొమ్మా తగిలించలేదు.

"సారక్కా, రాయమల్లు బిళ్ల ఏది?" అని అడిగారు దేవసహాయం గారు. ఆమె గూట్లోంచి తెచ్చిన ఇత్తడి బిళ్లను అధికారి చేతిలో పెట్టారు. "బొమ్మ జాగల ఇది తగిలియ్యుండ్రి. బొమ్మ వచ్చినాక బిళ్ల వాపస్ ఇయ్యాలె."

అధికారి లేచి, టై దులుపుకుని, బిళ్లను భద్రంగా జేబులో వేసుకున్నారు. కమిటీకి ఏం చెప్పుకున్నారో తెలియదు. ఏడాదికి పైగా ఆ మ్యూజియం గోడకు గొప్ప చిత్రాల నడుమ ఒక ఇత్తడి బిళ్ల వేలాడింది. ఇదేమి కళ అని అడిగినవారికి వాచ్‌మన్ ఒకే జవాబు చెప్పేవాడు. "బొమ్మ డ్యూటీకి పోయింది."

ఒకనాడు మ్యూజియం ముందు రాయమల్లు చేతికర్రతో బస్సు దిగాడు. వెనక దేవసహాయం గారు, ఆయన చంకలో దుప్పటి చుట్టిన పడవ.

"నా బిళ్ల ఇయ్యుండ్రి సారు," అన్నాడు రాయమల్లు.

అధికారి స్వయంగా బిళ్ల తీసి ఇచ్చి, అదే మేకుకు బొమ్మ తగిలించబోయారు. దేవసహాయం గారు ఆ మేకును పైకీ కిందికీ చూసి, సంచిలో చెయ్యి పెట్టారు.

"ఇది మస్తు మీదికున్నది సారు. జెర జరుగుండ్రి."