రష్యా అమ్మాయి బుగ్గ మీద అమెరికా నూనె

ఈ దేశానికొచ్చాక ఏజాక్స్ ఊళ్లో మేం కొన్న పాత ఇంటి బేస్‌మెంట్‌లో కిటికీ లేని కాంక్రీటు గది ఒకటి ఉంది. బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీలు అందులోనే పెడతాం. మొన్న పక్కింటి మార్గరెట్ ఆంటీ ఆవకాయ కోసం నాతోపాటు కిందికి వచ్చి, ఆ గది గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

"రష్యా బాంబు వేస్తే దాక్కోడానికి కట్టిన రూమ్ ఇది. చిన్నప్పుడు మా ఇంట్లోనూ ఉండేది. స్కూల్లో బెల్ కొడితే డెస్కుల కింద దూరేవాళ్లం," అన్నారు.

నాకైతే రష్యా అనగానే మైదా జిగురు వాసన గుర్తొచ్చింది. మీకూ గుర్తుందా? సోవియట్ పత్రికల నున్నటి కాగితాలు చించి, ఆ జిగురుతో పుస్తకాలకు అట్టలు వేసుకునేవాళ్లం కదా! నా లెక్కల పుస్తకం మీద రెండు జడల అమ్మాయి ఆపిల్ బుట్ట పట్టుకుని నవ్వుతుండేది. మధ్యాహ్నం బళ్లో అమెరికా సాయంగా పంపిన గోధుమ రవ్వతో, అమెరికా నూనెతో చేసిన ఉప్మా పెట్టేవాళ్లు. ఒకరోజు పళ్లెం మరిచిపోయి, ఆ పుస్తకం మీదే ఆకు పరుచుకుని తిన్నాను. నూనె కారి అమ్మాయి బుగ్గ మీద మరక పడింది. పావడాతో ఎంత తుడిచినా పోలేదు. ఏడ్చాను.

ఇదంతా చెబితే ఆంటీ నవ్వలేదు.

"ఆ అమ్మాయంటే నీకు భయం వేయలేదా?"

"భయమా? రోజూ దాంతో కబుర్లు చెప్పేదాన్ని ఆంటీ."

ఆవిడ ఆ చీకటి గదిలోకి చూశారు.

"రష్యాలో పిల్లలుంటారని మాకెవరూ చెప్పలేదు," అన్నారు.