"మా పిల్లే" అన్న గొంతు

వేదవతి గారు పరమపదించారన్న వార్తను నాకు వేదవతి గారి గొంతే చెప్పింది. ఎందరో కథానాయికలకు, ఆ తర్వాత వాళ్ల తల్లులకు, నాయనమ్మలకు గాత్రదానం చేసిన ఆ స్వరం పోయిన నెల ఒక మంగళవారం పొద్దున ఫోనులో "అక్కా, అమ్మ పోయింది" అంది. గొంతులు పోల్చడమే వృత్తిగా బతికేదాన్ని, మాట్లాడుతున్నది ఆవిడ పెంపుడు కూతురు బిమల అని గ్రహించడానికి నాకు కొన్ని క్షణాలు పట్టింది. దుఃఖం కంటే ముందు అసూయ కలిగింది. చావు కబురు విని కుళ్లుకున్న మనిషిని లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. సంస్మరణలో ఇలాంటివి రాయకూడదంటారు. కానీ అబద్ధాన్ని మైకు పట్టేస్తుందని నేర్పింది ఆవిడే, అందుకే రాస్తున్నాను.

పద్దెనిమిదేళ్ల కిందట ఫిలింనగర్‌లోని డబ్బింగ్ థియేటర్‌కు మొదటిసారి వెళ్లాను. నాకు యూనియన్ కార్డు లేదు. గుమ్మంలో యూనియన్ మనిషి ఆపి ఎవరీవిడ అని అడిగాడు. పక్కనే కూర్చున్న వేదవతి గారు చేతిలోని డైలాగు కాగితాల మీంచి తలెత్తకుండానే "మా పిల్లే" అన్నారు. అతను పక్కకు తప్పుకున్నాడు. తల్లి లేకుండా పెరిగినదాన్ని, ఆ రెండు మాటలూ పట్టుకుని ఇన్నేళ్లు బతికాను.

రోజూ పొద్దున్నే శ్రీనగర్ కాలనీలోని ఆవిడ ఇంటికి సాధనకు వెళ్లేదాన్ని. తలుపు తీసి "లోపలికి రా తల్లీ" అనేవారు, కాకినాడ సాగదీతతో. మిరియాల పాలు ఇచ్చి ఒకే మాటను ముప్పై సార్లు చెప్పించేవారు. "పెదాలు అందరూ చూస్తారే, నువ్వు ఊపిరి చూడు" అనేవారు. నేను పెదాల దగ్గరే ఆగిపోయేదాన్ని. అయినా సంతానం లేని ఆ విదుషీమణికి వారసురాలిని నేనేనని నేనూ అనుకున్నాను, పరిశ్రమలో నలుగురూ అనుకున్నారు.

అలాంటి ఆవిడ ముక్తినాథ్ యాత్రకని నేపాల్ వెళ్లి, కొండచరియలు విరిగిపడి అమ్మానాన్నలను పోగొట్టుకున్న ఆరేళ్ల పిల్లను చూసొచ్చారు. రెండు దేశాల కాగితాల చుట్టూ మూడేళ్లు తిరిగారు. ఈ వయసులో మీకు పరాయి దేశపు పిల్ల ఎందుకండీ అని అడిగింది నేనే. "అది నా కొంగు పట్టుకుని వదల్లేదే. నాకూ విడిపించుకోబుద్ధి కాలేదు" అన్నారు. పేరు విమల అని మారిస్తే బావుంటుందని ఇరుగుపొరుగు సలహా ఇస్తే, అది కన్నతల్లి పెట్టిన పేరు, తాకడానికి తనకు హక్కు లేదన్నారు.

ఆ పిల్లకు తెలుగు ముక్క రాదు. ఇంట్లో ఒంటరిగా వదల్లేక థియేటర్‌కు తెచ్చి మూల కుర్చీలో కూర్చోబెట్టేవారు. అది తెర వంక చూసేది కాదు, అమ్మ వంకే చూసేది. మాటలు తెలియవు గనక ఆవిడ ఊపిరే చూసింది. ఎన్ని తిట్లు తిన్నా నాకు పట్టుబడనిది దానికి ఆటలా అబ్బింది. ఒకరోజు ఎవరో ఈ పాప ఎవరని అడిగారు. "మా పిల్లే" అన్నారు ఆవిడ, అదే తీరుగా, తలెత్తకుండానే. నా ఒళ్లు భగ్గుమంది. ఆ తర్వాత వారం రోజులు సాధనకు వెళ్లలేదు.

ఆవిడ చివరి సినిమాలో నాయనమ్మ పాత్రకు ఒక్క సన్నివేశం మిగిలిపోయింది. అలిగి వెళ్లిపోయిన మనవరాలు తిరిగొస్తే, గుమ్మంలో నిలబడి లోపలికి పిలవాలి. పన్నెండో రోజు దాటాక దర్శకుడు నన్ను రమ్మన్నాడు. ఏడు టేకులు చెప్పాను. పెదాలకు అతికింది, మనిషికి అతకలేదు. సౌండ్ ఇంజనీర్ యాదగిరి నసుగుతూ "అక్కా, బిమలను పిలుద్దమా? అచ్చం మేడమ్ లెక్కనే మాట్లాడ్తది" అన్నాడు.

"కార్డు లేనివాళ్లు మైకు ముందుకు రాకూడదు, తెలీదా?" అన్నాను. యూనియన్ కమిటీలో ఉన్నదాన్ని, నా మాటకు తిరుగులేదు. యాదగిరి తల దించుకుని ఎనిమిదో టేకుకు బొమ్మ వేశాడు. తెర మీద నాయనమ్మ చేయి చాచింది. "లోపలికి రా తల్లీ" అనాలి. ఒకదాన్ని బయటే నిలబెట్టి ఆ మాట ఎలా అనను? హెడ్‌ఫోన్ తీసేసి బయటికొచ్చి బిమలకు ఫోన్ చేశాను.

పదిహేడేళ్ల పిల్ల, అమ్మ శాలువా కప్పుకుని వచ్చింది. గుమ్మంలో కొత్త యూనియన్ మనిషి ఆపి, ఎవరీ అమ్మాయి, కార్డు ఉందా అని నన్నే అడిగాడు.

"మా పిల్లే" అన్నాను. ఆ మాట అనడానికి ఎంత పెద్ద మనసు కావాలో నాకు అప్పుడు తెలిసింది. ఆవిడకు అది అలవోకగా వచ్చేది. అలాంటి మనిషి ఈ పరిశ్రమకు మళ్లీ దొరకదు. ఆ తల్లికి నా నమస్కారం.

బిమల మొదటి టేకులోనే చెప్పింది. "లోపలికి రా తల్లీ." అదే ఊపిరి, అదే సాగదీత. అసూయ పోయిందని చెప్పను, గొంతులో ముల్లులా ఇప్పటికీ ఉంది. ఆ పిలుపు తెర మీది మనవరాలికి, నాకు కాదు. అయినా కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.